మెత్త పట్టిన మనిషి

థర్మన్ పెటిగ్రూ కుడి మోకాలికి పట్టీ చుట్టడం అయిపోయింది. ఎడమది సగంలో ఉంది. ఎడమదాని దగ్గర ఎప్పుడూ ఆలస్యమే. రెండు పాత కుట్ల గీతలు, వాటి మధ్య పొడుచుకొచ్చిన ఎముక. పట్టీ కాస్త బిగిస్తే కాలు తిమ్మిరెక్కుతుంది, కాస్త వదులైతే మోకాలు తనకిష్టమొచ్చిన దిక్కుకి పోతుంది. ఆయన కూర్చున్న బెంచీ మామూలు మనుషుల కోసం చేసింది. ఆరడుగుల పది అంగుళాల మనిషి దాని మీద కూర్చుంటే మోకాళ్ళు ఛాతీ దాకా వస్తాయి. వంగి, తన కాళ్ళని తానే కౌగిలించుకున్నట్టు కూర్చుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, పట్టీ చివర అతికించాడు.

ఉతికిన తువ్వాళ్ళ బండి తోసుకుంటూ ఒడెస్సా వచ్చింది. ఆ ప్రాక్టీసు హాలులో బట్టలుతికే పని ఆమెది. నిలబడితే థర్మన్ మోచేతిదాకా వస్తుంది.

"ఇవాళ ఇద్దరంట కదా? ఒకడు ఏడడుగులు దాటాడంట. గుమ్మం దగ్గర తల వంచుకోమని చెప్పు పాపం."

"నాకెవరు చెప్పారు?" అన్నాడు థర్మన్, నుదుటి మీది పాత మచ్చ తడుముకుంటూ.

"అందుకేగా నీ బుర్ర అలా అయింది," అని ఆమె నవ్వుకుంటూ బండి తోసుకుపోయింది.

ఆయన లేచి, గోడకి ఆనించిన తోలుమెత్త అందుకున్నాడు. తలుపంత వెడల్పు, వెనక రెండు పట్టెలు. చేతులు అందులోకి దూర్చి ఛాతీకి అదుముకుంటే సగం మనిషి దాని వెనక దాక్కుంటాడు. అదే ఆయన ఉద్యోగం. ఏటా జూన్‌లో పెద్ద బాస్కెట్‌బాల్ జట్లన్నీ కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే ముందు, కాన్సస్ సిటీ జట్టు వాళ్ళు తమకి నచ్చినవాళ్ళని పిలిపించి చూస్తారు. గురి ఎలా ఉంది, పరుగెలా ఉంది అన్నది కంటికి కనిపిస్తుంది. రింగు కింద తోపులాటలో ఎలా నిలబడతాడో మాత్రం తోసి చూస్తేనే తెలుస్తుంది. కోచ్‌లలో ఎవరికీ అంత ఒళ్ళు లేదు. కాబట్టి థర్మన్ తోస్తాడు. ఇరవై ఏళ్ళ పైమాటే, ఆ హాలుకి వచ్చిన ప్రతి పొడుగు కుర్రాడూ ఆయన మీద ఆనినవాడే. వాళ్ళలో కొందరి బొమ్మలు ఊళ్ళో బస్సుల మీద కూడా ఉన్నాయి. ఎక్కడైనా ఎదురైతే, ఈయన్ని ఎక్కడో చూశామే అన్నట్టు ఒక క్షణం ఆగి, వెళ్ళిపోతారు. ఆయనా ఏమీ అనుకోడు.

మొదట వచ్చినవాడు మాబియోర్ అజక్. ఒమాహా కుర్రాడు, వాళ్ళమ్మానాన్నా దక్షిణ సూడాన్ నుంచి వచ్చినవాళ్ళు. ఏడడుగుల ఒక అంగుళం. భుజాల మీద ఇంకా మాంసం పట్టలేదు, చేతులు మాత్రం మోకాళ్ళు అందుకునేలా ఉన్నాయి. దూరపు గీత దగ్గర నిలబడి బంతి వేస్తుంటే, అంత ఎత్తు నుంచి అంత మెత్తగా ఎలా వస్తుందా అనిపించింది. వల కదిలిన చప్పుడే గానీ ఇనుము మోగిన చప్పుడు లేదు. కానీ రింగు కిందికి వచ్చి థర్మన్ మెత్తతో ఒక్క తోపు తోసేసరికి, మడతకుర్చీ మూసినట్టు నడుం దగ్గర మడత పడ్డాడు.

"సారీ సార్," అన్నాడు.

"తోసింది నేనయ్యా. నువ్వెందుకు సారీ?"

రెండోసారీ మడతపడ్డాడు. మూడోసారికి పాదాలు ఎడంగా పెట్టాడు. అయిదోసారికి తోపు వచ్చేదాకా ఆగి, వచ్చాక పక్కకి జారి, థర్మన్ తనే ముందుకు తూలేలా చేశాడు. చేసేసి, అయ్యో అన్నట్టు చెయ్యి పట్టుకుని నిలబెట్టాడు. ఎవరూ నేర్పలేదు. కళ్ళెదుట నేర్చుకున్నాడు.

జొరెల్ మింటర్ సంగతి వేరు. ఆర్కన్సా రాష్ట్రం, పైన్ బ్లఫ్ నుంచి వచ్చాడు. థర్మన్ కంటే ఒక అంగుళం పొట్టి, మనిషి మాత్రం బీరువా. అడుగుపెడుతూనే నవ్వాడు.

"ఏం బాబాయ్, పొద్దున టిఫిన్ తిన్నావా?"

"తిన్నా. ఎందుకు?"

"మళ్ళీ బయటికొస్తుందేమోనని."

వీపు ఆనించి, నడుం కిందికి దించి, వెనక్కి తొయ్యడం మొదలుపెట్టాడు. థర్మన్ పాదాలు నేల మీద కీచుమన్నాయి. గోడ నడిచొచ్చినట్టుంది. బంతి ఎటు విసిరినా వాడి చేతుల్లోకే వస్తోంది. వెనక ఎవరు ఎటు పరిగెత్తినా చూడకుండానే వాళ్ళ చేతికి అందిస్తున్నాడు. ఇప్పుడెవరూ ఆడని ఆట అది. తన వయసులో థర్మన్ ఆడిన ఆట. కాకపోతే వీడు తనకంటే బాగా ఆడుతున్నాడు.

"నన్ను ఉయ్యాల ఊపుతున్నావా బాబాయ్? కాస్త గట్టిగా తొయ్యి."

గట్టిగా తోశాడు. అప్పుడు తెలిసింది. బలమంతా ఒక పక్కనుంచే వస్తోంది. ఎడమకాలి మీద తిరగాల్సిన చోట, కుర్రాడు ఒక చిన్న అడుగు వేసి బరువు కుడికాలికి మార్చుకుంటున్నాడు. ఎగిరి దిగినప్పుడల్లా కుడిపాదమే ముందు నేలకి తగులుతోంది. ఎంత తొందరగా చేస్తున్నాడంటే కంటికి అది ఆటలో భాగంలాగే కనిపిస్తుంది. థర్మన్ మెత్తని కొంచెం ఎడమవైపుకి జరిపి అదిమాడు. కుర్రాడి ఊపిరి ఒక్కసారి ఆగింది. తల తిప్పి చూశాడు. ఆ ముఖంలో నవ్వు పోయింది.

నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు జొరెల్ పక్కకొచ్చి నిలబడ్డాడు. పెదవి కదపకుండా అన్నాడు, "చెప్పకు బాబాయ్."

"ఎప్పట్నుంచి?"

"పోయినవారం. ఊళ్ళో ఆడుతుంటే జారింది. డాక్టర్లు చూసింది అంతకు ముందే, కాగితాల మీద అంతా బాగానే ఉంది. ఈ నెలొక్కటీ గడవనీ. నీకు దణ్ణం పెడతా."

"ఐస్ పెట్టుకో. ఎగరకు," అన్నాడు థర్మన్. చెప్పననీ అనలేదు, చెబుతాననీ అనలేదు.

పని అయ్యాక గ్రాంట్ వీలన్ ఆయన పక్కన వచ్చి కూర్చున్నాడు. జట్టులోకి ఎవరిని తీసుకోవాలో తేల్చేది అతనే. నలభై దాటని మనిషి. ఏటా థర్మన్‌ని అడుగుతాడు, ఆయన చెప్పింది వింటాడు కూడా.

"మా వాళ్ళలో సగం మంది పొడుగోడంటున్నారు, సగం మంది బండోడంటున్నారు. మీరేమంటారు పెద్దాయనా?"

థర్మన్ పట్టీ విప్పుకుంటూ ఉన్నాడు. మోకాలి మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఈ ఊరితో ఆగదు. సాయంత్రానికి దేశంలో ఉన్న జట్లన్నిటికీ తెలుస్తుంది. కుర్రాడి కళ్ళు గుర్తొచ్చాయి.

"పొడుగోడు," అన్నాడు.

"ఎందుకని?"

"వాడు ఇంకా పెరుగుతాడు. పొద్దున వచ్చినవాడు వేరు, ఇందాక వెళ్ళినవాడు వేరు."

"మరి జొరెల్?"

"మంచి కుర్రాడు." పట్టీని ఉండలా చుట్టాడు. "నా బాపతు."

వీలన్ నవ్వాడు. "అర్థమైంది. పాతకాలం ఆట." థర్మన్ భుజం తట్టి లేచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ట్రూస్ట్ వీధిలో ఎప్పుడూ తినే చోటికే వెళ్ళాడు. పొగలో కాలిన మాంసం అంచుముక్కలు, తెల్లరొట్టె, ఊరగాయ దోసకాయ. గల్లా దగ్గరి మనిషి ఆయన్ని చూడగానే, అడక్కుండానే, రెండు పళ్ళేలు పెట్టాడు. ఇవాళ మొదటిదే సగం మిగిలింది.

నిజానికి జొరెల్ ఆ పొడుగోడికంటే మంచి ఆటగాడు. ఈ ఏడాది మాటే తీసుకుంటే చాలా మంచి ఆటగాడు. ఆ మాట తనకొక్కడికే తెలుసని కాదు, తన మాటతోనే అటూ ఇటూ ఊగుతున్న త్రాసు ఒక పక్కకి ఒరిగింది. మోకాలిని దాచాననుకున్నాడు. దాచడానికి వాడి ఆటని చిన్నది చేశాడు.

ఇంకోటి కూడా అడుగున కదులుతోంది. తను కాలేజీలో ఉన్నప్పుడు లాంబెత్ అని ఒక కోచ్ ఉండేవాడు. ఆఖరి ఏడాది థర్మన్ కుంటడం ఆయనొక్కడే చూశాడు. చూసి, కన్ను గీటి, ఎవరికీ చెప్పలేదు. థర్మన్ ఆ కాలితోనే చలికాలమంతా ఆడాడు. ఎంపిక రోజున సెడేలియాలో పిన్ని ఇంట్లో చుట్టాలంతా చేరారు. వంటింటి నిండా వేపుడు కోడి. టీవీలో పేర్లు చదువుతూనే ఉన్నారు. చివరి పేరు కూడా చదివారు. ఎవరూ ఆయన వైపు చూడలేదు, పిన్ని మాత్రం ఇంకో ముక్క వేసుకోమంది. తర్వాత ఆట కోసం బెల్జియంలో ఒక ఏడాది, మనీలాలో రెండేళ్ళు, ఆ తర్వాత కోతలు, కుట్లు, ఈ మెత్త. ఇన్నేళ్ళూ లాంబెత్‌ని తలుచుకున్నప్పుడల్లా దేవుడులాంటి మనిషి అనుకున్నాడు. ఇవాళ, చేతిలో రొట్టెముక్క పట్టుకుని, మొదటిసారి అనిపించింది, ఆయన ఆ రోజు నోరు విప్పి ఉంటే ఈ కాలు ఇలా ఉండేది కాదేమోనని.

పళ్ళెం వదిలేసి లేచాడు.

హాలు వెనక, విమానాశ్రయానికి తీసుకుపోయే వ్యాను కోసం జొరెల్ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎడమకాలు మడిచి పాదం గోడకి ఆనించాడు. దూరం నుంచి చూస్తే కుర్రతనం. థర్మన్‌ని చూసి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు.

"చెప్పేశావా?"

"లేదు."

కుర్రాడి భుజాలు కిందికి దిగాయి. "బతికించావు బాబాయ్."

"బతికించలేదురా. అందుకే వచ్చాను. నువ్వే చెప్పు. మీ డాక్టర్‌కి చెప్పు, మీ కోచ్‌కి చెప్పు. ఈ ఎంపిక నుంచి పేరు వెనక్కి తీసుకుని ఒక ఏడాది కూర్చో. దీని మీద ఆడావంటే..." థర్మన్ వంగి, ప్యాంటు మోకాలి పైదాకా లాగాడు. కుర్రాడు ఆ కుట్ల వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"నువ్వు నువ్వే, నేను నేనే."

"అవును. నేనూ అదే అన్నాను అప్పట్లో."

వ్యాను మలుపు తిరిగి వస్తోంది. జొరెల్ సంచీ అందుకున్నాడు. అందుకుని ఆగాడు.

"వీళ్ళు ఎవర్ని తీసుకుంటున్నారు?"

"పొడుగోణ్ణి."

"నిన్ను అడిగారా?"

థర్మన్ వంగి ప్యాంటు కిందికి దించుకున్నాడు. అదే జవాబయింది.

"నా మోకాలి సంగతి చెప్పకుండా, వాడే మేలని చెప్పావన్నమాట." కుర్రాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "వాడి కంటే నేను మంచివాణ్ణి బాబాయ్. కాలు పోతే పోయింది. ఆ ఒక్క మాట నా గురించి చెప్పావా?"

"లేదు."

"నిజమా కాదా?"

"నిజమే," అన్నాడు థర్మన్. "ఈ హాల్లో నా మీద ఆనినవాళ్ళలో నీ అంత ఆట తెలిసినవాణ్ణి చూళ్ళేదు."

"నాకు చెప్తే ఏం లాభం?"

కుర్రాడు ఎక్కాక వ్యాను తలుపు మూసుకుంది. నల్ల అద్దాల వెనక కుర్రాడు ఇటు చూశాడో లేదో తెలియలేదు. వ్యాను వెళ్ళిపోయాక కూడా థర్మన్ ఆ ఎండలో నిలబడే ఉన్నాడు, ఎవరో ఇంకా తోస్తున్నట్టు, కాళ్ళు ఎడంగా పెట్టుకుని.

తర్వాత లోపలికి వచ్చి వీలన్ గది దాకా వెళ్ళాడు. తలుపు మీద చెయ్యి పెట్టాడు. లోపల ఎవరూ లేరు, అందరూ భోజనాలకి పోయారు. వచ్చాక మాట్లాడదాం, మోకాలి సంగతి ఎత్తకుండా ఆట సంగతి ఒక్కటే చెబుదాం, పొద్దున తప్పు చెప్పానని చెబుదాం అనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో పెదాలతో ఒకసారి అనుకుని చూసుకున్నాడు. ఎడమ భుజం లాగుతోంది. బండోడి తోపు ఊరికే పోతుందా అనుకున్నాడు. బట్టలు మార్చుకునే గదిలో, తన బెంచీ మీద, గోడకి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రం తువ్వాళ్ళకోసం వచ్చిన ఒడెస్సా, నిద్రపోతున్నాడనుకుని చప్పుడు కాకుండా ఏరుకుంది. గుమ్మం దాకా పోయి ఆగింది. ఆ పొట్టి బెంచీ మీద ఆయన ఎప్పుడూ అలా కాళ్ళు చాచుకుని కూర్చోలేదు. బండి వదిలేసి వెనక్కి వచ్చింది. గుండె ఆగి గంటపైనే అయిందని తర్వాత వచ్చిన డాక్టరు చెప్పాడు. అంత పొడుగు మనుషుల గుండెలు తొందరగా అలిసిపోతాయని కూడా అన్నాడు.

ఆదివారం చర్చిలో వీలన్ నాలుగు మంచి మాటలు మాట్లాడాడు. మాబియోర్ ఒమాహా నుంచి పూలు పంపాడు. ఒక్కసారి కలిసిన మనిషికి పూలు పంపిన కుర్రాణ్ణి చూసి అక్కడివాళ్ళంతా ముచ్చటపడ్డారు. జూన్‌లో అతన్నే తీసుకున్నారు. అంతకు ముందే, గడువు ముగిసే ముందురోజున, జొరెల్ మింటర్ ఎంపిక నుంచి తన పేరు వెనక్కి తీసుకున్నాడు. ఇంత మంచి అవకాశం వదులుకుని మళ్ళీ కాలేజీకి ఎందుకు పోతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. పాపం, ఎవరైనా పెద్దమనిషి సలహా ఇచ్చి ఉండాల్సింది అన్నాడు వీలన్.

థర్మన్‌కి మిగిలిన దగ్గరి మనిషి అక్క వెర్నా ఒక్కతే. ఆవిడ సెడేలియా నుంచి ఫోన్ చేసి, హాలు వెనక నిలిచిపోయిన కారుని కాస్త ఇంటికి చేర్పించమని ఒడెస్సాని అడిగింది. ఒడెస్సా పని ముగించుకుని, తాళంచెవి పట్టుకుని వెళ్ళింది. తలుపు తీసి ఎక్కి కూర్చుంది. స్టీరింగు ఎక్కడో దూరంగా ఉంది. కాలు ఎంత చాపినా బ్రేకు అందలేదు. సీటు కింద చెయ్యి పెట్టి వెతికితే పిడి దొరికింది. దాన్ని పట్టుకుని ముందుకి లాగబోయి, లాగడానికి చెయ్యి రాక, కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత దిగి, తలుపు మెల్లగా మూసి, ఎవరైనా పొడుగు మనిషిని పిలుచుకొద్దామని లోపలికి వెళ్ళింది. పట్టాల చివరిదాకా జరిగిపోయి, వెనకసీటుని ఆనుకుని, మధ్యలో లోతుగా గుంటపడిన ఆ సీటు, మూసిన అద్దాల వెనక పగటి ఎండకి ఇంకా వెచ్చగానే ఉంది.