ఆవిరి పట్టిన పాతచీర

ఆరోగ్యశాఖ ఆఫీసరు కృష్ణకుమారి తనిఖీకి వస్తోందంటే ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఆసుపత్రుల్లో ముందురోజే ఫినాయిలు ఏరులై పారుతుంది. అందుకే ఆమె వాసనను నమ్మదు. మంచాల కిందికి వంగి చూస్తుంది, మూలమూలా వేలితో రుద్ది చూస్తుంది. ఎమ్మిగనూరు మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. నేతలో ఒక్క పోగు తెగినా పట్టే కన్ను ఆమెది, ఆ సంగతి చెప్పుకోవడానికి ఆమెకు మొహమాటం కూడా లేదు.

కోసిగి దారిలో ఉన్న ఆ చిన్న ఆసుపత్రిలో మాత్రం ఆ కంటికి ఏ తప్పూ ఆనలేదు. అక్కడ పుట్టిన పసిబిడ్డలకు వరసగా బొడ్డు చీము పడుతోంది. ఒక బిడ్డ చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. కారణం తేల్చు, తేలకపోతే కాన్పుల గది మూసెయ్ అని పైనుంచి ఉత్తర్వు. మూస్తే ఆ ఊళ్ల ఆడవాళ్లు నొప్పులతో ఆటోల్లో ఎగిరెగిరి పడుతూ ఆదోని చేరాలి. అందరూ చేరరు, కొందరు దారిలోనే కంటారు.

"ఇంగ ఏం కడగల్లో నాకు తెలీడం లేదు మేడమ్. గోడలు గూడా కడిగినా," అంది నర్సు ఈశ్వరి, కళ్లు తుడుచుకుంటూ. ఆమె చెప్పింది నిజమే. కత్తెరలు ఉడికినవే, చేతితొడుగులు కొత్తవే, నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు.

"ఏడవద్దు. కారణం దొరక్కుండా నేను బస్సెక్కను," అంది కృష్ణకుమారి.

కాన్పుల గదిలో దివ్య అనే అమ్మాయి నొప్పులు పడుతోంది. పక్కన తల్లి తాయమ్మ, కూలి పనులకు ఎండి గట్టిపడిన మనిషి, ఒళ్లో వక్కాకు సంచిని రెండు చేతులా అదిమి పట్టుకుని కూర్చుంది. వక్కాకు సంచిని ఎవరైనా నడుమున దోపుకుంటారు గానీ అంత గట్టిగా పట్టుకోరు. కృష్ణకుమారి వెళ్లి ఆమె పక్కనే కూర్చుంది.

"అవ్వా, బట్ట ఆ సంచిలోనే పెట్టినావా?"

తాయమ్మ ఉలిక్కిపడింది. "యా బట్టమ్మా?"

"బిడ్డకు సుట్టే పాతబట్ట. మా అమ్మ గూడా నా కాన్పుకు తెచ్చిందిలే. పురుడు తీరేదాకా బిడ్డకు కొత్తబట్ట తగలగూడదని మా ఇంట్లోనూ అంటారు."

ఆఫీసరమ్మ నోట తమ ఇంటి మాట వినేసరికి తాయమ్మ పట్టు సడలింది. సంచిలోంచి ఒక పాతచీర ముక్క బయటికి తీసింది. దానికి నిండా సున్నం మరకలు, పొగాకు పొడి. ఇంటి బట్టలు తేకూడదని ఆసుపత్రిలో గట్టి నియమం ఉంది. అందుకే ఒక్కో అవ్వా ఒక్కోచోట దాచి తెస్తోంది, నర్సు అటు తిరగగానే ఆసుపత్రి తువ్వాలు కింద బిడ్డకు చుట్టేస్తోంది.

ఈశ్వరి తల పట్టుకుంది. "నాకన్నా సెప్పగూడదా అవ్వా!"

"సెప్తే పారేస్తారంట గదా!"

కొత్తగా వచ్చిన డాక్టరు హరీష్ మూలనున్న చెత్త సంచి చూపించాడు. "కారణం దొరికింది కదా మేడమ్, అందులో వేయించండి. రేపటి నుంచి గేటు దగ్గరే అందరి సంచులూ వెతికిస్తాను."

తాయమ్మ చీరముక్కను గుండెకు హత్తుకుంది. "ఇది మా అమ్మ చీర. తొంభై ఏండ్లు బతికింది మా అమ్మ. పోయినేడు ఈ పిల్ల తొలిబిడ్డను వేరే ఆస్పత్రిలో కొత్త తెల్లబట్టలో సుట్టిచ్చినారు. పురుడు గూడా తీరలా, పోయినాడు. ఈసారి నేను ఇడ్సను. సంపినా ఇడ్సను."

కృష్ణకుమారి చెత్త సంచిని కాలితో పక్కకు నెట్టింది. "గేటు దగ్గర వెతికితే రవికెలో దాస్తారు డాక్టర్. రవికెలో వెతికితే అసలు ఆసుపత్రికే రారు." అని, ఈశ్వరి వైపు తిరిగింది. "సబ్బుతో ఉతుకు. కత్తెరలు ఉడికించే ఆవిరి యంత్రంలోనే దీన్నీ పెట్టు."

"అంత ఉడికితే మా అమ్మ ఆయుస్సు దాంట్లో నిలుస్తాదా?" తాయమ్మ కళ్లొత్తుకుంది.

"తొంభై ఏండ్లు మన ఎండలకు జడవని మనిషి, రవ్వంత ఆవిరికి జడుస్తాదా అవ్వా?"

తాయమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. చీరముక్క ఇచ్చింది గానీ, అది మళ్లీ చేతికొచ్చేదాకా ఆ యంత్రం ఎదుటి నుంచి కదల్లేదు.

సాయంత్రానికి దివ్యకు ఆడపిల్ల పుట్టింది. ముత్తవ్వ చీరలో శుభ్రంగా చుట్టి ఈశ్వరి బిడ్డను అందించగానే తాయమ్మ భోరుమంది. ఇకమీదట నెలలు నిండకముందే ఇంటింటి పాతబట్ట అడిగి తీసుకుని, ఉతికి, ఆవిరి పట్టి ఉంచమని కృష్ణకుమారి చెప్పింది. హరీష్‌కు నమ్మకం కుదరలేదు.

"మీరుండగా వింటారు మేడమ్. మీరు బస్సెక్కగానే మళ్లీ మొదటికొస్తారు. గది మూసేయడమే మేలేమో."

నిజానికి ఆ అనుమానం కృష్ణకుమారికీ లోపల ఎక్కడో ఉంది. ఆమె బిడ్డ బుగ్గ నిమరబోయింది. తాయమ్మ చెయ్యి చటుక్కున అడ్డం వచ్చింది.

"ఆగమ్మా! సేతులు కడిగినావా? మా అమ్మ చీర అంత ఉడకేసి పెట్టినాం, ఉత్త సేతుల్తో తగలొద్దు."

కృష్ణకుమారి పగలబడి నవ్వింది. ఇంత కఠినమైన తనిఖీ తాను కూడా ఎన్నడూ చేయలేదు. కొళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ, "కాన్పుల గది తెరిచే ఉంటుంది డాక్టర్," అంది.