ఊరికే ఇచ్చిన డబ్బాలు

శనివారం పొద్దున్న ఔలి కిటికీలకు పుట్టీ కొందామని సరస్సు ఒడ్డున ఉన్న టాయిస్టో హార్డ్‌వేర్ కొట్లోకి వెళ్ళింది. సెలవు రోజు. తన రసాయనాల తనిఖీ అధికారి కార్డు ఇంట్లోనే ఉంది. కానీ కళ్ళు ఊరుకుంటాయా? గల్లా వెనక ఖాళీ అట్టపెట్టె ఒకటి కనిపించింది. దాని మీద పేరు చదవగానే పుట్టీ సంగతి మరిచిపోయింది.

పాత రంగు ఊడగొట్టే మందు. ఇళ్ళల్లో వాడటానికి యూరప్ అంతటా నిషేధించి ఏళ్ళయింది. మూసిన గదిలో దాని ఆవిరి నేలబారుగా కమ్ముకుని, మనిషిని కేక కూడా వెయ్యనివ్వదు. పోయిన శరత్కాలంలో ఇదే కొట్లో పన్నెండు డబ్బాలు పట్టుకుంది ఔలి. "అమ్మనమ్మా, ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోట నేనే ఇచ్చేసి వస్తా" అన్నాడు కొట్టు యజమాని టాయిస్టో. మా ఫిన్లాండ్ పల్లెల్లో మాటంటే మాటే. డబ్బాలు అరలోంచి తీయించి, 'సరుకు తొలగించారు' అని రాసేసి వెళ్ళిపోయింది.

"టాయిస్టో గారూ, ఇందులో డబ్బాలేవి?"

"అయిపోయాయి ఇన్స్‌పెక్టరమ్మా!" ముసలాయన ముఖం వెలిగిపోతోంది. "ఒక్కటి కూడా అమ్మలేదు, ఒట్టు! అమ్మొద్దన్నారుగా మీరు."

"మరి?"

"ఊరికే పంచేశా. అంత మంచి మందు పారబోస్తే పాపం కాదూ? యూరప్ చట్టాలు రాసే మీ బ్రసెల్స్ వాళ్ళు మెచ్చిన కొత్త మందుకి రంగు కాదుగదా, దుమ్ము కూడా కదలదు!"

ఉచితంగా ఇచ్చినా సరఫరా కిందే లెక్క అని నిబంధనలో ఉంది. ఆ ఒక్క ముక్క మీద రెండు రోజులు వాదించుకున్న సమావేశంలో తనూ కూర్చుంది. తనూ వాదించింది. ఎంత గొప్ప! ఆ ముక్క ఈయన చెవిన వెయ్యడానికి మాత్రం రెండు నిమిషాలు దొరకలేదు తనకి.

"ఆఖరి డబ్బా ఎవరికిచ్చారు?"

"మా చెల్లెలికి, ఇందాకే. ఇంకెరి దాని పేరు. కిటికీ రెక్కల రంగు గీకుతానంది. బయట చలి కదా, సౌనాలో పొయ్యి రాజేసుకుని తలుపేసుకోవే, వెచ్చదనానికి రంగు తొందరగా ఉబ్బుతుందని నేనే సలహా చెప్పా."

"ఎక్కడ ఆ సౌనా?" ఔలి అరుపుకి ముసలాయన అదిరిపడ్డాడు. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి! చేస్తూనే దారి చూపించండి!"

మూడిళ్ళ అవతల, ఆవిరి స్నానాల చెక్కగది. ఔలి తలుపు లాగగానే తియ్యటి వాసన గుప్పున కొట్టింది. ఇంకెరి చెక్కనేల మీద బోర్లా పడి ఉంది, చేతిలో కుంచె అలాగే ఉంది. ఔలి ఊపిరి బిగబట్టి లోపలికి దూరి, చంకల కింద చేతులు వేసి ఆమెను గడ్డి మీదకి ఈడ్చుకొచ్చింది.

"ఇంకెరీ! లేవే! ఒసేయ్, లేవవే!" టాయిస్టో చెల్లెలి చెంపలు తడుతూ వలవలా ఏడ్చేశాడు. "నా చేతులారా చంపుకున్నానమ్మా!"

కాసేపటికి ఇంకెరి దగ్గింది. కళ్ళు తెరిచి, అన్నను చూసి విసుక్కుంది.

"తలుపు బార్లా తీశావేం అన్నయ్యా? వేడంతా పోదూ!"

ఏడుస్తూనే నవ్వాడు టాయిస్టో. బతికింది, చాలు అనుకుంది ఔలి. మరుక్షణం మరో సంగతి తట్టింది. ఇది ఆఖరి డబ్బా.

"టాయిస్టో గారూ, మిగతా పదకొండూ ఎవరికిచ్చారు?"

"ఈ ఒడ్డునున్న వాళ్ళకేనమ్మా, ఈ వారంలోనే. చలికాలమంతా మూసిన వేసవి ఇళ్ళు తెరిచే రోజులు కదా..."

"ఆ సలహా వాళ్ళకీ చెప్పారా?"

"అందరికీ చెప్పానమ్మా," అన్నాడు ముసలాయన.

ఔలి సరస్సు వైపు తిరిగింది. శనివారం, ఊరంతా సౌనాల్లో ఆవిరి స్నానాలు చేసే రోజు. ఒడ్డు పొడుగునా, చెట్ల మధ్య, ఏ పొగగొట్టం చూసినా పొగ లేస్తోంది, ఏది స్నానానికో, ఏది రంగుకో.

"పేర్లు!" అని అరిచింది. "పేర్లు చెప్పండి, గబగబా!"

టాయిస్టో నోరు తెరిచాడు. కంగారులో ఒక్క పేరూ గుర్తు రాలేదు.