సీయోను కొండ పాఠశాల మార్కులు

మా అక్క కెటూరాకి ఇరవై తొమ్మిదో ఏట హైస్కూలు మార్కుల పట్టిక కావలసి వచ్చింది. వెస్ట్ ప్లెయిన్స్‌లో ముసలివాళ్ల ఆశ్రమంలో అప్పటికి ఆరేళ్లుగా ఆయాగా పనిచేస్తోంది. "నీవి నర్సు చేతులు, పోయి చదువుకో" అని అక్కడి పెద్ద నర్సు పోరుపెడితే కాలేజీకి దరఖాస్తు పెట్టింది. చదివిన బడి పేరు, ప్రిన్సిపాల్ సంతకం కావాలన్నారు.

మా బడి పేరు సీయోను కొండ పాఠశాల. అది మా వంటిల్లే. విద్యార్థులం ఏడుగురం, అందరం ఒకతల్లి పిల్లలమే. ప్రిన్సిపాల్ మా అమ్మ లోర్నా. లోకం పిల్లల్ని పాడుచేస్తుందని నాన్న నమ్మాడు కనక మాలో ఎవరమూ బడి బస్సు ఎక్కలేదు. ఆడపిల్లలం జుట్టు కత్తిరించలేదు, చీలమండలు కనిపించే గౌను తొడగలేదు. నేనిప్పుడు జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతున్నాను. మొదటిసారి కత్తెర పట్టిన రోజు పిడుగు పడుతుందేమోనని కిటికీకి దూరంగా నిలబడ్డాను.

అక్క ఇరవయ్యో ఏట ఇల్లు విడిచింది. నాన్న చూసిన పాస్టరుగారి అబ్బాయిని చేసుకోనంది. నాలుగేళ్లు మాటల్లేవు. ఆ తర్వాత మా చర్చి సంఘమే ముక్కలైపోయింది. నాన్న లారీ నడుపుతూ ఊళ్లు తిరగడం మొదలుపెట్టి కాస్త మెత్తబడ్డాడు. అక్క రాకపోకలు మళ్లీ సాగాయి గానీ, అమ్మా తనూ వానలు, మేకలు తప్ప ఇంకో మాట ఎత్తేవాళ్లు కాదు.

ఆ శనివారం పొద్దున ఒక్కతే వెళ్లడానికి జంకి నన్ను వెంటబెట్టుకుంది. అమ్మ మాకు మొక్కజొన్న రొట్టె కోసి పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని కాగితం చూసింది.

"ప్రిన్సిపాల్ అని నేను సంతకం పెట్టాలా?"

"నువ్వే కదమ్మా."

"ఆవిడ ఎప్పుడో రిటైరైపోయిందని చెప్పకపోయావా."

అక్క నవ్వలేదు. సబ్జెక్టుల వరస తీసింది. "చరిత్ర."

"ఆదాము నుంచి అంతర్యుద్ధం దాకా బాగానే చెప్పాను. 'ఏ' గ్రేడు వేస్తున్నా."

"ఆ తర్వాతది?"

"ఆ తర్వాత మీ చిన్న తమ్ముడు పుట్టాడు."

జీవశాస్త్రం దగ్గర అమ్మ అసలు తడుముకోలేదు. "పదకొండు మేకలకి పురుడు పోశావు. అడ్డం తిరిగిన పిల్లని చేత్తో తీశావు. ఆ కాలేజీలో ఎవరు తీశారో చెప్పమను."

రేఖాగణితానికి బైబిల్లోని నోవహు ఓడ ఉంది. నాన్న ఒకసారి మూడు వందల మూరల తాడు తెచ్చి మా బీడులో ఓడ పొడుగు కొలిపించాడు. ఓడ కొస పక్కాయన పొలంలోకి నలభై అడుగులు వెళ్లింది.

"ఆయన కుక్కని వదిలాడు" అన్నాను నేను.

"వదిలితే వదిలాడు, కొలత మాత్రం సరిగ్గా వచ్చింది" అంది అమ్మ.

అక్క పెదవి కాస్త కదిలింది. తర్వాతి వరసలో బీజగణితం ఉంది. అమ్మ పెన్ను కింద పెట్టేసింది.

నెల క్రితమే అక్క, ఏ తరగతిలో వెయ్యాలో చూడటానికి కాలేజీ పెట్టిన లెక్కల పరీక్ష రాసి, తప్పి, కారులో కూర్చుని ఏడ్చింది. తన బుర్ర ఇంతేనని చిన్నప్పటి నుంచీ అక్క నమ్మకం. "సున్నా వెయ్యమ్మా, పర్లేదు. మొద్దునని నాకు తెలుసు కదా" అంది.

"ఆ పుస్తకంలో పేజీలు అతికించి ఉండేవి, గుర్తుందా?" అంది అమ్మ.

ఎందుకు గుర్తుండదు? మా పుస్తకాల్లో కొన్ని పేజీలు మైదా జిగురుతో అతికించి ఉండేవి. జీవశాస్త్రంలో మనిషి ఒంటి బొమ్మలున్నవి ఆవిరి పట్టి ఊడదీసి చూశాం కూడా. బీజగణితంలో ఆరో పాఠం తర్వాత అంతా ఒకే అట్ట. అంకెల మధ్య ఏం పాపం జరుగుతుందా అని నేను చాలా ఆలోచించాను.

"జీవశాస్త్రంలోవి పాపమని అతికించాను. లెక్కల్లోవి నాకు రాక అతికించాను" అంది అమ్మ. "నేను పదో తరగతిలో మానేశాను. ఆరో పాఠం దాకా ఎలాగో లాక్కొచ్చాను. మీ నాన్నతో చెబితే దేవుడే తోవ చూపిస్తాడన్నాడు. నాకు మైదా డబ్బా కనబడింది. నువ్వు ఆ పుస్తకం పట్టుకుని ఇంకా ఉందా అమ్మా అని తిరిగేదానివి. ఆడపిల్ల బుర్రకి ఇంతకన్నా ఎక్కదులే అన్నాను. ఎక్కనిది నాకే తల్లీ. తప్పు నాది."

"ఇన్నేళ్లూ అందులో బట్టల్లేని బొమ్మలున్నాయనుకున్నాను" అంది అక్క. ముందు నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చేసి అమ్మ భుజం మీద తల పెట్టుకుంది. నేను రొట్టె తింటూ కూర్చున్నాను. అలాంటప్పుడు ఏం చేయాలో మా బడిలో నేర్పలేదు.

బీజగణితం ఎదురుగా అమ్మ తన గుండ్రటి అక్షరాలతో 'సగమే చెప్పబడినది. లోపం ఉపాధ్యాయురాలిది' అని రాసి సంతకం చేసింది. కాలేజీ గుమస్తా అది రెండుసార్లు చదివి, "ఇలాంటి ప్రిన్సిపాల్‌ని ఇప్పటిదాకా చూడలేదు" అని ముద్ర కొట్టి, అక్కని మొదటి మెట్టు లెక్కల తరగతిలో వేసింది.

తొలిరోజు పంతులు లోపలికి రాగానే, పాస్టరుగారు వచ్చినట్టు అక్క లేచి నిలబడింది. పక్కన చేతుల నిండా పచ్చబొట్లున్న మనిషి, ఇక్కడ ఇదే పద్ధతేమోనని తనూ లేచాడు. ఇద్దరూ కూర్చోవడానికి సిగ్గుపడి, పాఠం మొదలయ్యేదాకా అలాగే ఉండిపోయారట. అక్క ఆ లెక్కలు గట్టెక్కింది. ఇప్పుడు నర్సు చదువు రెండో ఏడు.

మొన్న వసంతంలో అమ్మ మేకలకి నీళ్లు పెడుతూ, ఎటో చూస్తూ అడిగింది. "ఆ ఏడో పాఠంలో ఏముందే?"

అప్పటి నుంచి శనివారాలు అక్క చెబుతుంది, అమ్మ రాస్తుంది. నిన్నా ఒకటే గొడవ.

"ఎక్స్ అంటే ఎంతో పుస్తకం రాసినవాడికి తెలుసు కదా. దాచిపెట్టి మనల్ని వెతకమనడం ఏం మర్యాద?"

"ముందు వెతుకమ్మా."

"తొమ్మిది."

"ఏడు. ఆ గుర్తు మార్చలేదు నువ్వు."

"కొంచెం మెల్లగా చెప్పు మరి. నేను నీకు అరిచి చెప్పానా?"

"అరిచే చెప్పావు."

అమ్మ గుర్తు మార్చి మళ్లీ మొదలుపెట్టింది. అంతలో నాన్న ఎక్కడో అర్కాన్సా దారిలోంచి ఫోన్ చేశాడు. "క్లాసులో ఉన్నాను, తర్వాత చెయ్యి" అని అమ్మ పెట్టేసింది.