మేకుల పట్టెడ

నల్లమల అడవికి దొరల ప్రభుత్వం గేటు పెట్టి, గొర్రెల మేతకు పర్మిటు చీటీ అడుగుతున్న కాలం అది. ఎండలు ముదిరి ఊళ్లో గడ్డి మాడిపోతే పెద్దదోర్నాల చుట్టుపక్కల మందలున్నవాళ్లకు అడవే దిక్కు. ఆ ఏడు గార్డు కొత్త మాట చెప్పాడు. గేటు నుంచి అడవిలో దొడ్డి చేరేదాకా కుక్క మెడకు తాడుండాలి. విడిగా కనబడితే జింకపిల్లల్ని పడుతుందని తుపాకీతో కాల్చేస్తాడు.

పుల్లయ్య కుక్క నల్లోడు పుట్టి బుద్ధెరిగి తాడెరగడు. అట్లాగని వాణ్ని ఊళ్లో వదిలి పోవడానికీ లేదు. చిరుత వాసన తగిలితే మందకు అడ్డం నిలబడేది వాడే. అందుకే వాడి మెడకు తోలు పట్టెడ చేయించి, దానికి ఇనుప మేకులు కొట్టించాడు పుల్లయ్య. మొనలు బయటికి. చిరుత గొంతు పడితే దాని నోట్లోనే దిగుతాయి.

ఆ పట్టెడకే తాడు కట్టాడు. నల్లోడు ముందుకు గుంజడం, పుల్లయ్య వెనక్కి గుంజడం.

పెండ్లాం వీరమ్మ చూసి నవ్వింది. "వాడు గుంజితే నువ్వు గుంజబాక. గుంజ మాదిరి నిలబడు. తాడు వదులు చేసి నీ తట్టు చూసినాడా, ఇంత రొట్టె పెట్టి అడుగెయ్యి. కోడెదూడకు కాడి మప్పినోడివి, నీకు చెప్పాల్నా?"

"ఇట్ల నిలబడుకుంటా పోతే గేటు కాడికి చేరేతలికి వానలు పడతాయే," అన్నాడు పుల్లయ్య. ఒక పూట చేసి మానేశాడు.

ఉప్పుకని దోర్నాల పోయిన రోజు కుక్కను వెంట తీసుకుపోయాడు. హోటలు ముందు శ్రీశైలం పోయే యాత్రికులు ఆకుల్లో తింటున్నారు. ఆ వాసనకు నల్లోడు ఒక్క దూకు దూకాడు. పుల్లయ్య పొయ్యి పక్కన బూడిదలో బోర్లాపడ్డాడు. తలగుడ్డ ఊడి దొర్లింది.

"ఏం పుల్లయ్య మామా," అన్నాడు హోటలాయన, "కుక్కను నువ్వు తోలుకొచ్చినావా, నిన్ను కుక్క తోలుకొచ్చిందా? ఆ పట్టెడేదో నీ మెడకే కట్టించుకో పో!"

యాత్రికులు పొలమారేలా నవ్వారు. పుల్లయ్య బూడిద దులుపుకొని తల ఎత్తకుండా ఊరిదారి పట్టాడు. తుమ్మచెట్ల చాటుకు పోయాక పట్టెడ విప్పి, తిరగేసి కట్టాడు. మొనలు లోపలికి.

నల్లోడు ఒకసారి గుంజాడు. కుయ్యిమన్నాడు. మళ్లీ గుంజలేదు.

ఇల్లు చేరేసరికి తాడు వదులుగా వేలాడుతుంటే కుక్క మోకాలి పక్కనే నడుస్తోంది. వీరమ్మ మొహం విప్పారింది. "నా మాట ఇన్నావన్నమాట!"

పుల్లయ్య ఆమెను అట్లాగే అనుకోనిచ్చాడు. కుక్కను తన దగ్గరే కట్టేసుకున్నాడు.

తెల్లారి మందలన్నీ గేటు దగ్గరికి చేరాయి. ఎవరి కుక్క వాళ్లను ఈడుస్తోంది. నల్లోడు మాత్రం కదలకుండా నిలబడ్డాడు.

గార్డు ఆగి చూశాడు. "చూడండయ్యా, కుక్కను పెంచితే ఇట్ల పెంచాల!"

పక్క మంద వెంకటసుబ్బయ్య తన కుక్కతో పెనుగులాడుతూనే అడిగాడు. "మామా, ఎట్ల నేర్పినావో చెప్పు. ఆ పట్టెడ గూడా ఏందో కొత్తగా ఉండాదే?"

పుల్లయ్య తలగుడ్డ సర్దుకున్నాడు. వీరమ్మే అందుకుంది.

"ఓర్పుండాల అల్లుడా! రొట్టె పెట్టి నేర్పినాడు మీ మామ. ఒక్క దెబ్బ ఎయ్యలే."

ఆ మాటతో పుల్లయ్య తల వాలిపోయింది. వీరమ్మ మురిపెంగా నల్లోడి ముందు కూర్చొని, రొట్టె తునక నోటికిచ్చి, మెడ కింద నిమరబోయింది. నల్లోడు ఉలిక్కిపడ్డాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంటే వేళ్లకు నెత్తురు.

పట్టెడ అంచు ఎత్తి చూసింది. మెల్లగా అంది.

"చిరుతకని పెట్టించినవి గదయ్యా ఇవి. రేపు అది వచ్చి గొంతు పట్టుకుంటే, ఈ మేకులు యాడ దిగుతాయి?"

వెంకటసుబ్బయ్య మొహం తిప్పుకొని గొర్రెలను అదిలించుకుంటూ పోయాడు. ఎప్పుడూ ఏదో ఒక ఎగతాళి చేసే మనిషి. ఈసారీ ఏదో ఒకటి అని పోతే బాగుండు అనిపించింది పుల్లయ్యకు.

మోకాళ్ల మీద కూర్చొని పట్టెడకు చెయ్యి చాచాడు. నల్లోడు నేలకు అణిగిపోయాడు. పారిపోలేదు. మెడ మాత్రం ముందుకు చాచి ఇచ్చాడు. పుల్లయ్య మేకులకు అంటుకున్న వెంట్రుకలు విడదీసి పట్టెడ విప్పితే, వీరమ్మ కొంగు చింపి, మూటలోని పసుపద్ది, మెడకు చుట్టింది. ఆ గుడ్డ మీద పట్టెడను మొనలు బయటికి పెట్టి కట్టాడు.

మందలు కదిలాయి. తాడు వీరమ్మకు ఇవ్వబోయాడు.

"నువ్వే పట్టుకో," అందామె.

దారిలో పొదల్లోంచి కౌజుపిట్టల గుంపు లేచింది. ముందు పోయే కుక్కలన్నీ మనుషులను ఈడ్చుకుంటూ ఎగిరాయి. నల్లోడు చెవులు నిక్కబొడుచుకున్నాడు. అంతలోనే తల తిప్పి పుల్లయ్య చేతి వంక చూసి నిలబడిపోయాడు. తాడు నేలను రాస్తోంది.

"పోరా," అన్నాడు పుల్లయ్య గొంతు తగ్గించి. "ఒక్కసారి గుంజరా నాయనా."

నల్లోడు కదల్లేదు.