పరదా బండిలో గాలి

అబ్దుల్ సత్తార్ ప్రొద్దుటూరులో ఇరవై ఏండ్లు జట్కా తోలినాడు. గుర్రం ముసలిదై పోయినాక మద్రాసు నుంచి ఒక పాత ఆటో తెచ్చుకున్నాడు. మూడు చక్రాల మోటారు బండి అప్పటికి ఆ ఊరికి కొత్త. ఎద్దులు బెదిరి పక్కకు జరిగేవి. మనుషులు మాత్రం దగ్గరికొచ్చి రేకు మీద తట్టి చూసేవాళ్లు.

ఘోషా ఆడవాళ్లు ఎక్కాలంటే పరదా ఉండాల. సత్తార్ పెండ్లాం మైమూన్ మందంపాటి గుడ్డను రెండు పొరలు చేసి కుట్టి ఇచ్చింది. ఆయన దాన్ని నాలుగు పక్కలా బిగించినాడు. ముందర కూడా, అంటే తోలేవానికీ వెనక కూర్చున్నవాళ్లకూ మధ్యన కూడా. జట్కాకూ అదే పద్ధతి. దాంతో ఊర్లో సాయిబుల ఇండ్ల ఆడవాళ్లంతా సత్తార్ బండికే కబురు పెట్టేవాళ్లు.

మైమూన్ ఆ బండి ఎక్కింది ఒకేసారి. పక్కింటి గులాబ్‌బీని తోడు పెట్టుకొని బేస్తవారం దర్గాకు బయలుదేరింది. దర్గా వాకిట్లో దిగీ దిగకముందే భళ్లున కక్కింది. పూలమ్మేవాళ్లు, ఫకీర్లు, అందరూ చూసినారు. గులాబ్‌బీకీ తల తిరిగింది గానీ ఆమె నోరు మెదపలేదు. మైమూన్ ఇంటికి నడిచే వచ్చింది. రెండు దినాలు మంచం దిగలేదు.

"నేను సచ్చినా ఆ బండి ఎక్కను," అనింది.

సత్తార్ ఆ పొద్దు అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

ఆ మాట మీదనే ఉన్నప్పుడు జమ్మలమడుగు నుంచి కబురొచ్చింది. బస్సు కండక్టరు వాకిట్లో నిలబడి కేకేసి చెప్పిపోయినాడు. వాళ్ల బిడ్డ షాహీదాబీకి రెండో కాన్పు, మొగపిల్లోడు, తల్లీ బిడ్డా బాగుండారు. తొలికాన్పు పుట్టింట్లో అయింది కాబట్టి ఇది అత్తగారింట్లోనే. ఛట్టీ నాటికి, అంటే ఆరోనాటి స్నానానికి, తల్లి పోవాల. టోపీ, జుబ్బా, పొత్తి గుడ్డలు, బాలింతకు బంక లడ్లు, అన్నీ పుట్టింటి నుంచే రావాల.

మైమూన్ మూట కట్టింది. కట్టి, మొగుని పక్క చూడకుండా చెప్పింది.

"అజీ, ఎవురిదన్నా ఎద్దులబండి అడుగు."

"బస్సు ఉండాది గదా."

"బస్సులోనూ అదే కత. నా పేగులు నోట్లోకి వస్తాయి. ఎద్దులబండయితే తెల్లార్లూ పోయినా గాలి తగుల్తాది."

"మోటారు బండోని పెండ్లాం ఎద్దులబండ్లో పోయిందంటారు."

"అనుకోనీ. ఈడ ఊరంతా చూస్తాంటే కక్కినా. ఆడ వియ్యపురాలి ముందర కక్కమంటావా?"

సత్తార్ తువ్వాల దులిపి భుజాన ఏసుకొని బయటికి నడిచినాడు. ఊరు నవ్వితే నవ్వనీ. ఆయన బాధ అది కాదు. ఊర్లో అందరి పెండ్లాలనూ మోసే బండిలో తన పెండ్లాం ఎక్కలేకపోతాంది.

పోయి జియావుల్లా సైకిల్ అంగడి ముందర బండి ఆపినాడు. ఆటో చక్రాలకు గాలి కొట్టేది జియావుల్లానే.

"ఎగరేస్తాంది రా. గుంతలో పడితే నడుం ఇరుగుతాంది," అన్నాడు సత్తార్.

జియావుల్లా టైరు మీద అరచేత్తో కొట్టినాడు. అది ఖంగుమనింది. "చూడు మామా, ఎంత బిగువుగా ఉండాదో! ఇనుము మాదిరి కొట్టినా."

"అదే తప్పు. ఇది సైకిలు కాదు రా. గుర్రానికి నాడా కొట్టినట్టు ఉండాది నీ గాలి. వదులు."

"వదిల్తే రోడ్డు టైరును తింటాది మామా."

"తిననీలే. మనిషిని తినకుండా ఉంటే సాలు."

జియావుల్లా వాల్వు నొక్కినాడు. గాలి బుస్సుమని పోయింది. సత్తార్ బొటనవేలితో టైరు నొక్కి చూస్తా ఉన్నాడు. ముందు చక్రానికి కొంచెం ఎక్కువ వదిలించినాడు. బరువు పడే వెనక చక్రాలకు తక్కువ. రోంత మెత్తబడి, మడత పడకుండా ఉండే కాడ ఆపమన్నాడు. తర్వాత జియావుల్లాను వెనక కూర్చోబెట్టి, పరదాలన్నీ దించి, ఎర్రగుంట్ల దోవలో కంకర ఉన్న దాకా తోలుకొని పోయినాడు.

ఆపితే జియావుల్లా పరదా చించుకున్నట్టు బయటపడినాడు. కండ్లు ఎర్రగా ఉన్నాయి, దగ్గుతాండాడు.

"ఎగరలేదు మామా. పరుపు మీద కూర్చున్నట్టే ఉండాది. కానీ లోపల పొగ! నూనె కలిపిన పెట్రోలు పొగ. దర్గా కాడ అత్త కక్కింది కుదుపుతో కాదు, దీంతోనే."

"పొగగొట్టం వెనక ఉండాది. బండి ముందుకు పోతాంది. పొగ లోపలికెట్ల వస్తాది?"

ఇద్దరికీ అర్థం కాలేదు. సత్తార్ రోంతసేపు బీడీ కాల్చుకుంటా నిలబడినాడు. తర్వాత తిరిగొచ్చి అంగట్లో నుంచి ఊదుబత్తి తీసి, వెలిగించి, జియావుల్లా చేతికిచ్చినాడు.

"లోపల పట్టుకో. పొగ యా పక్క పోతాదో చూడు."

"దర్గాకు మొక్కుతీర్చనీకి పోతాండామా ఏంది?"

"మూసుకొని ఎక్కు."

బండి కదిలింది. లోపలి నుంచి జియావుల్లా అరుపు వినపడింది. "మామా! వెనక పరదా కింద నుంచి వస్తాంది! బండి పోయేకొద్దీ పీల్చుకుంటాంది. ఊదు పొగ కూడా నా మూతి మీదికే!"

సత్తార్ ఆపి, వెనక పరదా అంచును బండి అడుగు పలకకు తాడుతో గట్టిగా కట్టినాడు. రోంత తగ్గింది. పూర్తిగా పోలేదు. ముందర పరదా ఎత్తి పైన దోపితే మాత్రం ఊదు పొగ గిర్రున తిరిగి, వెనక పరదా పైన ఉన్న సందులో నుంచి బయటికి పోయింది.

"అయిపాయ! ముందర తీసేయి మామా."

"ముందర ఎట్ల తీసేది? ఘోషా బండి రా ఇది."

జియావుల్లా దిగి, నడుం మీద చేతులు పెట్టుకొని అడిగినాడు. "జమ్మలమడుగుకు పోయేది ఎవురు?"

"మీ అత్త."

"ఒగతేనా?"

"ఒగతే."

"తోలేది?"

"నేనే."

"మరి ఆ పరదా ఎవురికి మామా? పెండ్లయి ఇన్నేండ్లయింది, నీ ఈపుకు మా అత్త పరదా కట్టుకోవాల్నా?"

సత్తార్ నవ్వినాడు. పొట్ట పట్టుకొని, బండికి ఆనుకొని నవ్వినాడు. దర్గాకు పోయిన పొద్దు గులాబ్‌బీ ఉండాది కాబట్టి ముందర పరదా దించినాడు. ఆ తర్వాత దాన్ని ఎత్తొచ్చని తోచనేలేదు.

మైమూన్‌ను ఒప్పించడం అంత సులభం కాలేదు. ముందర పరదా లేని బండిని ఆమె చుట్టూ తిరిగి చూసింది. బురఖా సర్దుకొనింది.

"మధ్యలో కక్కొచ్చిందంటే దిగి నడుస్తా."

"నడువు. నేను ఎనకాల బండి తోసుకుంటా వస్తా."

ఆమె మూతి బిగించుకొని ఎక్కింది.

ఊరు దాటినాక రోడ్డు కంకర మయం. బండి గడగడలాడలేదు, ఊగుతా పోయింది. సత్తార్ చెవులు రెండూ వెనక్కే ఉన్నాయి. రోంత దూరం పోయినాక మైమూన్ మొదలుపెట్టింది. "ఆ గుంత చూడు... నిదానం... ఆ గొర్రెలోన్ని పోనీ ముందు... షాహీదా అత్త బాలింత కాయం సరిగ్గా చేసిపెట్టిందో లేదో..." ఒకటే మాటలు. జట్కా పోయినాక వెనక నుంచి ఈ మాటలు ఆయన వినలేదు. ఊ కొడతా తోలినాడు.

ఉన్నట్టుండి మాటలు ఆగిపోయినాయి. సత్తార్ బండిని పక్కకు తీసి, దిగి, తిరిగి చూసినాడు.

మైమూన్ మూట విప్పుకొని బంక లడ్డు తింటాంది.

"ఆకలయితాంది," అనింది. "బిడ్డకు చెప్పొద్దు." సగం విరిచి ఆయన చేతిలో పెట్టింది.

జమ్మలమడుగులో వియ్యపురాలు ఎదురొచ్చింది. మైమూన్ నిమ్మళంగా దిగింది, పిల్లోన్ని ఎత్తుకొనింది, నుదుటి మీద ముద్దు పెట్టుకొనింది. పిల్లోని ముక్కు సత్తార్‌దే అని తేల్చేసింది. ఆయన సిగ్గుపడి టైర్లు చూసుకుంటా నిలబడినాడు.

రోంతసేపటికే ఆమె వాకిట్లోకి వచ్చింది.

"అజీ, పులివెందుల్లో మా అక్క ఖమ్రున్నీసాకు కూడా బస్సు పడదు. ఛట్టీ ఎల్లుండి గదా. పొద్దున పోయి పిల్చుకొని రా."

"మీ అక్కకు నా ముందర పరదా ఉండాల. పరదా దించితే పొగ."

మైమూన్ ఆలోచించింది. బండి దగ్గరికి వచ్చి, ముందర గుడ్డను ఒక పక్క దించి, ఇంకో పక్క పైకి దోపి చూపించింది. "సగం దించు. ఆ సగంలో అక్క, ఈ సగంలో నేను. గాలి నా పక్క నుంచి వస్తాది."

"అంటే నువ్వూ వస్తావా? పులివెందుల దాకా?"

"రాక? అక్కను నీతో ఒగతినే పంపిస్తానా?"

సత్తార్ నవ్వు దాచుకొని, వంగి, వెనక టైరును బొటనవేలితో నొక్కినాడు. "ఇద్దరయితే రోంత గాలి కొట్టించాల."

"రోంత కాదు," అనింది మైమూన్ లోపలికి పోతా. "మా అక్క నాకంటే లావు."