కడగనక్కర్లేని మందు

మీరే చేశారు. రెక్స్ పాడ్‌మోర్ ఒక్కడే కాదు, ఆ బంగాళాదుంపల షెడ్డులో బల్ల చుట్టూ కూర్చుని చేతులెత్తిన ఏడుగురూ చేశారు. చెయ్యెత్తి దించినంత సేపు చాలు, ఆ తుపాకి మూతి విప్పి లోపలేముందో చూడ్డానికి. ఒక్కరూ విప్పలేదు. విప్పకుండానే ఒక మనిషిని మురికిది అనేశారు.

తుపాకి అంటే పేల్చేది కాదు. ఇంట్లో కాచుకున్న బీరును స్టీలు పీపాలోంచి సీసాల్లోకి పట్టే సామాను. చేతికి పట్టుకునే పిడి, దానికి మూరెడు స్టీలు గొట్టం, గొట్టం మూతికి చిటికెనవేలి గోరంత రబ్బరు బిరడా. మీట ఒకటి నొక్కితే గ్యాస్ వెళ్ళి సీసాలో గాలిని తరిమేస్తుంది, రెండోది నొక్కితే బీరు అడుగునుంచి నురగ రేగకుండా నిండుతుంది. లెవెన్ ఏటి పక్క ఇంటిబీరు సంఘానికి అలాంటిది ఒక్కటే ఉంది. ఎవరి వంతు వస్తే వాళ్ళు తీసుకెళ్తారు, పని అయ్యాక తెచ్చి మేకుకు తగిలిస్తారు. మేకు పక్కనే ఒక పుస్తకం వేలాడుతుంటుంది. పేరు, తేదీ, ‘కడిగారా?’ అని ఒక గడి. ఆ గడిలో ఒక టిక్కు.

గుర్తుంచుకోండి ఆ టిక్కును. కొంప ముంచింది అదే.

గ్లెనిస్ హానిగన్‌కు ఉత్తరం బుధవారం అందింది. “సంఘం సామానును శుభ్రంగా ఉంచని కారణంగా, ఆదివారం సమావేశంలో మీరు చెప్పేది విన్న తర్వాత, తుపాకిని ఇకపై మీకు ఇవ్వకూడదని నిర్ణయించాం.” విన్న తర్వాత నిర్ణయించారట. ఆదివారం జరగబోయేది బుధవారానికే విన్నారు! ఏం చెవులండీ అవి!

శుభ్రంగా ఉంచనిది ఎవరు? గ్లెనిస్సా? వెన్న ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పాల గొట్టాలు కడిగిన మనిషి. మేనేజరు శుభ్రమే అని కాగితం రాసిచ్చినా ఆమె గొట్టం కీలు విప్పి వేలు పెట్టి చూసేది. వేలు జారితే మళ్ళీ మొదటికే. కీచుమంటేనే పాలు వదలనిచ్చేది. లారీ డ్రైవర్లు తిట్టుకునేవారు, అయినా ఆగేవారు. “విప్పి చూడనిది శుభ్రం కాదు” అన్న ఒక్క ముక్క మీద ఆమె ఉద్యోగమంతా గడిచింది. అరవయ్యారేళ్ళ ఆమెకు ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు, మొగుడు లేడు. ఆ పేరొక్కటే మిగిలింది. శుభ్రమైన మనిషి అన్న పేరు. దాని మీదే చెయ్యి వేశారు మీరు.

మార్చి చివర్లో ఆమె తన నల్లబీరును సీసాల్లో పట్టి, మూడింటిని హోబార్ట్‌లో జరిగే బీరు పోటీకి పంపింది. మే నెలలో తీర్పు కాగితం వచ్చింది. అధ్యక్షుడు కాబట్టి అది రెక్స్ చేతికే ముందు చేరింది. మడిచి ఆమెకు ఇస్తే సరిపోయేది. షెడ్డు బయట పొయ్యి మీద ఒక చేత్తో మాంసం సాసేజీలు తిప్పుతూ, రెండో చేత్తో కాగితం పట్టుకుని అందరి ముందూ చదివాడు.

“‘పులుపు. తడిగుడ్డ వాసన. సీసాలు నింపే సామాను కడగడం నేర్చుకోండి.’” ఆగి, చివరి ముక్క ఇంకోసారి చదివాడు. “ఏం బంగారం, ఆ ఫ్యాక్టరీ పాలు తాగినవాళ్ళంతా బతికే ఉన్నారా?”

అందరూ నవ్వారు. గ్లెనిస్ తన రొట్టెలో చుట్టుకున్న సాసేజీని చుట్టుకున్నట్టే అక్కడ తిరిగే కుక్కకు వేసి ఇంటికి వెళ్ళిపోయింది.

ఉత్తరం అందిన బుధవారం ఆమె ఏడవలేదు. గొట్టాలు కడిగిన మనిషి కదా, మురికి ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టింది. అదే నల్లబీరు పీపాలో ఇంకా సగం ఉంది. ఒక గ్లాసు పట్టి తాగింది. కమ్మగా ఉంది, మాడిన రొట్టె అంచు రుచితో, మొదటిరోజు ఎలా ఉందో అలాగే. తర్వాత ఒక సీసా తెరిచింది. పులుపు. తడిగుడ్డ.

అంటే బీరుది తప్పు కాదు. పీపాది కాదు. సీసాలను చాకలిసోడా నీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, వెలుతురుకు ఎత్తి చూసి, ఓవెన్‌లో కాల్చింది. అవీ కాదు. పీపాకూ సీసాకూ మధ్య ఇంకేముంది? తుపాకి.

మరి ఆ రోజు తుపాకిని తనేం చేసింది? పుస్తకం చూసింది. తనకు ముందు వాడినవాళ్ళ గడిలో టిక్కు ఉంది. సరేలే అనుకుని క్రిములను చంపే మందు మాత్రం గొట్టంలోంచి పోనిచ్చి పని మొదలుపెట్టింది. విప్పలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు మేనేజరు కాగితాన్ని నమ్మనిది, ఆ ఒక్కరోజు ఒక టిక్కును నమ్మింది. అది గుర్తుకు రాగానే చెవులు వేడెక్కాయి ఆమెకు.

ఆదివారం పదకొండింటికి షెడ్డుకు వెళ్ళింది. ఒక చేతిలో రెండు జగ్గులు, ఇంకో చేతిలో పాత ఎనామిల్ పళ్ళెం, జేబులో పెన్సిలు కంటే సన్నటి బ్రష్షు. బయట పొయ్యి మీద సాసేజీలు చిటపటమంటున్నాయి.

“రా బంగారం, కుర్చీ లాక్కో,” అన్నాడు రెక్స్. “గొడవేం వద్దు. పెద్దమనుషుల్లా తేల్చేసుకుందాం.”

“నేను నీ బంగారాన్ని కాదు రెక్స్. నాకో పేరుంది. నువ్వు పాడుచేసిన పేరు అదే.”

షెడ్డు యజమాని నెవిల్, దుంపలు పండించే ముసలాయన, నోట్లో మాట నోట్లోనే ఉంచుకునే మనిషి. గ్లెనిస్ నేరుగా ఆయన ముందు రెండు గ్లాసులు పెట్టి, రెండు జగ్గుల్లోంచీ పోసింది.

“ఎడమది తాగు నెవిల్.”

తాగాడు. “భలే ఉంది. ఇంకో గుక్క ఉంటే పొయ్యి.”

“ఇప్పుడు కుడిది.”

నిమ్మతొన నాకిన పసివాడి ముఖంలా అయింది ఆయన ముఖం. “ఓరి నాయనో! ఏంటిది?”

“రెండూ ఒకే పీపాలోవి. ఒకటి నేరుగా పట్టింది. ఇంకోటి మీ తుపాకిలోంచి సీసాలోకి వెళ్ళొచ్చింది.”

“సీసా సరిగ్గా కడిగి ఉండవు,” అన్నాడు రెక్స్.

“ఓవెన్‌లో కాల్చాను. నీ తలకాయ కూడా పట్టేంత ఓవెన్ మాది, అనుమానముంటే వచ్చి పెట్టి చూసుకో. ఆ తుపాకి ఇలా ఇవ్వు.”

“నీకివ్వకూడదని తీర్మానం చేశాం కదా.”

“అయితే నువ్వే విప్పు.”

రెక్స్ మేకునుంచి తుపాకి తీశాడు. మూతి పట్టుకుని ఇటు తిప్పాడు. అటు తిప్పాడు. ప్యాంటుకు చెయ్యి తుడుచుకుని మళ్ళీ ఇటు తిప్పాడు. రెండేళ్ళుగా అధ్యక్షుడు! ఒక మనిషిని మురికిది అనడానికి సంతకం పెట్టిన చెయ్యి! ఆ మూతి ఏ వైపు తిరుగుతుందో తెలీదు దానికి.

“ఊరికే విప్పితే రబ్బరు పాడైపోతుంది. అందుకే మేం విప్పం,” అన్నాడు.

“ఆమెకివ్వు రెక్స్,” అన్నాడు నెవిల్. “షెడ్డు నాది, నేను చెప్తున్నా.”

గ్లెనిస్ రెండు చుట్లలో మూతి ఊడదీసింది. రబ్బరు బిరడాను గోటితో లాగింది. గొట్టంలోకి బ్రష్షు దూర్చి, అవతలివైపు నుంచి లాగి, తెల్లటి పళ్ళెంలో విదిల్చింది. గోధుమరంగు జిగురు పడింది. ముక్కుపుటాలు బిగుసుకునే వాసన. దగ్గరగా కూర్చున్న ఇద్దరు కుర్చీలు వెనక్కి జరిపారు.

బిరడా వెనకనుంచి ఇంకేవో రాలాయి. లేత పసుపు గింజలు, మూడు.

ఆమె పళ్ళేన్ని బల్ల మధ్యకు నెట్టింది. “నల్లబీరులో రాస్ప్‌బెర్రీ పళ్ళు వేస్తారా ఎవరైనా?”

సంఘం మొత్తంలో రాస్ప్‌బెర్రీ బీరు కాచేది ఒక్కడే. సీసాల మీద ‘ఎర్ర సుందరి’ అని ముద్ర కొట్టించుకుని మరీ పంచుతాడు. అందరూ రెక్స్ వైపు చూడకుండా ఉండడానికి పైకప్పు వైపు చూశారు.

“టామ్‌సిన్, ఆ పుస్తకం చదువమ్మా,” అంది గ్లెనిస్.

కార్యదర్శి టామ్‌సిన్ అందరిలోకీ చిన్నది. గొంతు సవరించుకుంది. “మార్చి పదహారు, రెక్స్. కడిగారా? టిక్కు. మార్చి ఇరవై మూడు, గ్లెనిస్, టిక్కు. ఏప్రిల్ పదమూడు, నెవిల్, టిక్కు. మే నాలుగు...” ఆగింది. “నేను. టిక్కు.”

“రెక్స్, ఎలా కడిగావ్?”

“ఎలా కడగడమేంటి? క్రిమి మందు పోనిచ్చాను. అరలీటరు!” రెక్స్ అలమరలోంచి మందు సీసా తీసి బల్ల మీద ఠప్పున పెట్టాడు. “చదువు వచ్చు కదా? పెద్దక్షరాలతో రాశాడు. కడగనక్కర్లేదు అని!”

ఇది నవ్వాల్సిన మాట. ఎవరూ నవ్వలేదు. ఎందుకు నవ్వుతారు? అక్కడున్న సగంమంది తామూ దాన్ని అలాగే చదువుకున్నామని వాళ్ళకు అప్పుడే తెలిసింది.

“ఒరే నాయనా,” అంది గ్లెనిస్, గొంతు పెంచకుండానే. “మందు పట్టించాక ఆ మందును మళ్ళీ నీళ్ళతో కడగనక్కర్లేదని దానర్థం. సామాను కడగనక్కర్లేదని కాదు! ముందు విప్పాలి. వేడి సోడానీళ్ళలో తోమాలి. మంచినీళ్ళతో జాడించాలి. ఆ తర్వాతే మందు. లేకపోతే ఆ మురికిలోని క్రిములు సీసాలో చేరి, బీరును ఇంకా పులియబెడుతూ గ్యాస్ పెంచుతూనే ఉంటాయి. మురికి మీద మందు పోయడమంటే పేడ మీద అత్తరు చల్లడమే.”

నెవిల్ గ్లాసులోకి చూస్తూ గొణిగాడు. “ఏప్రిల్ సీసాలు మా అలమరలో రెండు పేలాయి. బీరు పూర్తిగా పులియకముందే పట్టేశానేమో అనుకున్నా. సిగ్గేసి చెప్పలేదు.”

“నావి మూత తీస్తే కప్పు దాకా చిమ్మాయి,” అంది టామ్‌సిన్. “నేనూ చెప్పలేదు.”

చూశారా? పులిసింది ఆమె ఒక్కదాని బీరేం కాదు. ఎవరి సీసా వాళ్ళు దొంగచాటుగా సింకులో పారబోసుకున్నారు. ఎవరికి వాళ్ళు తప్పు నాదేననుకుని నోరు మూసుకున్నారు. ఆమె కాగితం ఒక్కటే బజారున పడింది కాబట్టి, మీ అందరి మురికీ తెచ్చి ఆమె నెత్తిన పోశారు. కాదని ఒక్కరు చెప్పండి!

రెక్స్ మెడ ఎర్రబడింది. అంతలోనే చేతులు రుద్దుకుని లేచాడు. “సరే సరే. పొరపాటు జరిగింది, ఎవరికి జరగదు? ఉత్తరం వెనక్కి తీసుకుంటాం. సాసేజీలు మాడిపోతున్నాయి, పదండి. ఇక్కడితో మర్చిపోదాం. ఏం గ్లెనిస్, సంతోషమేనా?”

ఆమె వచ్చింది ఆ ఉత్తరం కోసమే. దొరికింది. తీసుకుని వెళ్ళిపోవచ్చు. కానీ ఆమె కళ్ళు టామ్‌సిన్ మీదే ఉన్నాయి.

“ఆ సీసాలు ఇంకా ఎన్ని ఉన్నాయి?”

“పద్దెనిమిది. ఆరు మా ఇంట్లో. పన్నెండు మా అక్కకిచ్చాను.”

“ఆవిడ ఎక్కడ పెట్టింది?”

టామ్‌సిన్ చెయ్యి నోటి దగ్గరకు వెళ్ళింది. “పిల్లల గదిలో. మంచం కింద.”

పొయ్యి దగ్గరకు బయలుదేరిన ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు. గ్లెనిస్ లేచింది. ఫ్యాక్టరీలో లారీలను ఆపిన గొంతు ఇన్నేళ్ళకు మళ్ళీ బయటికొచ్చింది.

“ఎవరూ కదలొద్దు. మర్చిపోవడానికి వీల్లేదు. టామ్‌సిన్, ఇప్పుడే మీ అక్కకు ఫోన్ చెయ్యి. పిల్లల్ని ఆ గదిలోంచి బయటికి తెమ్మను, తలుపు వెయ్యమను, సీసాల్ని ముట్టుకోవద్దని చెప్పు. నెవిల్, నీ దుంపల పనికి వాడే మందపాటి చేతితొడుగులూ, కళ్ళకు పెట్టుకునే అద్దాలూ పట్టుకుని ఆ పిల్లతో వెళ్ళు. ముందు దుప్పటి కప్పండి, ఫ్రిజ్‌లో పెట్టి బాగా చల్లారనివ్వండి, అప్పుడు ఒక్కొక్క మూతా తీసి పారబోయండి. మార్చినుంచి ఈ తుపాకి దాటిన ప్రతి సీసా ఇవాళే పోవాలి. నీ ఎర్ర సుందరితో సహా, రెక్స్. ఎవరెవరికి పంచావో వాళ్ళందరికీ నువ్వే చెప్పాలి, ఎందుకు పారబోయాలో కూడా చెప్పాలి.”

టామ్‌సిన్ అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికి పరిగెత్తింది. నెవిల్ చేతితొడుగుల కోసం మేకులు వెతుకుతున్నాడు. గ్లెనిస్ పుస్తకం లాక్కుని, తన పేరు పక్కనున్న టిక్కును తనే కొట్టేసి, ‘విప్పి చూడలేదు’ అని రాసి సంతకం చేసింది. తర్వాత పైనున్న ‘కడిగారా?’ను కలంతో అడ్డంగా కొట్టేసి ‘విప్పారా? ఎవరు చూశారు?’ అని రాసింది.

“నా తప్పు నేను రాసుకున్నా. మిగతావాళ్ళవి మీరు రాయండి. ఒక్కొక్కరూ, మీ చేత్తో. ఆ ఉత్తరం మీద సంతకం పెట్టినంత స్పష్టంగా.”

పళ్ళెంలోంచి సన్నటి బ్రష్షు తీసి, జిగురు కారుతుండగానే రెక్స్ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

“సాసేజీలు మాడితే మాడనీ. వేడినీళ్ళు పెట్టు. పిడి దగ్గర ఇంకో కీలుంది, నువ్వెప్పుడూ చూసి ఉండవు. ఎడమవైపుకు తిరుగుతుంది. విప్పు.”