ఇద్దరి సంతకాలూ ఒకే కాగితం మీద

ఇరుగుపొరుగు తగాదాలు కోర్టు గుమ్మం ఎక్కకుండా సర్దిచెప్పడం మా సఖ్యత కేంద్రం పని. నేను చేరి ఆరు నెలలైంది. ఒక్క తగాదానైనా సొంతంగా తీర్చి, ఇద్దరి సంతకాలూ ఒకే కాగితం మీద తెస్తేనే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు మేడం. ఆ గడువు ఆ రోజు సాయంత్రం ఐదింటితో సరి. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. కూతురిది కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమని మా నాన్న అప్పటికే వీధంతా చెప్పేసుకున్నాడు. మా అమ్మ మాత్రం ఇంకా నమ్మలేదు. "ఊళ్లోవాళ్ల తగువులు వినడానికి జీతమా? మీ మేనత్త ఇన్నేళ్లూ ఊరికే విందే!" అంటుంది.

ఉదయం పదింటికి దర్జీ, ఆయన పక్క కొట్టు పిండిమర ఆయన వచ్చారు. మర తిరిగితే పిండి ఎగిరి దర్జీ కుట్టే నల్లకోట్ల మీద పడుతుంది. దర్జీ ఊడిస్తే దారపు ముక్కలు ఎగిరి పిండిలో పడతాయి. రెండేళ్లుగా మాటల్లేవు.

మా కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చుని, ఎదుటివాళ్ల గోడు తమ గోడుగా చెప్పాలి. ఏమీ దాచకూడదు. ఆ చివరి మాట దగ్గర నేను గొంతు కాస్త పెంచాను. అదే నా కొంప ముంచింది.

దర్జీ నిజాయితీపరుడు. "నేను పిండిమర వాణ్ణి," అని మొదలుపెట్టాడు. "ఆ దర్జీ దారాలు నా పిండిలో పడుతున్నాయి. గుండీలు కూడా పడ్డాయి. రెండు. ఒకటి దొరికింది."

"గుండీలా?" పిండిమర ఆయన లేచి నిలబడ్డాడు. "నాకు దారాల సంగతే తెలుసు కదయ్యా!"

"కూర్చోండి బాబాయ్. ఇప్పుడు మీరు మీరు కాదు," అన్నాను.

"పైగా ఆ దర్జీ నా తూకపురాయి తీసుకెళ్లి, గుడ్డ జారకుండా బరువు పెట్టుకున్నాడు."

"అది నువ్వా! దొంగతనం అంటగట్టి మా బావమరిదిని గడప తొక్కొద్దన్నానే!"

తర్వాత పిండిమర ఆయన వంతు. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? "నేను దర్జీని. నేను భోజనానికెళ్తే, ఈ పిండిమర వాడు నా కొట్లో దూరి, పెళ్లికొడుకు కోటు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. చంక దగ్గర పిగిలింది."

"ఓరి నీ దుంపతెగా! లావెక్కావని ఆ పెళ్లికొడుకును తిట్టి పంపానయ్యా!"

నేను బోర్డు మీద అంకెలు వేసి రాస్తూ పోయాను. మధ్యాహ్నానికి రెండు ఫిర్యాదులు పదిహేడయ్యాయి.

చివరికి పిండిమర ఆయన చేతులు జోడించాడు. "తల్లీ, రెండు గొడవలతో హాయిగా బతుకుతున్నాం. పదిహేడు చేసిపెట్టావు."

"చదువుకున్న పిల్లవని వచ్చాం," అని దర్జీ వంత పాడాడు. "తమ్ముడూ, ఈ అమ్మాయి మీద ఫిర్యాదు రాసి పడేద్దామా?"

"నువ్వే రాయన్నా. నీ దస్తూరీ బాగుంటుంది."

"నీకెలా తెలుసు?"

"నీ కొలతల పుస్తకం చదువుతుంటా. అది పద్దెనిమిది వేసుకోమ్మా."

కాగితం అడిగారు, ఇచ్చాను. కలం కూడా ఇచ్చాను. ఇద్దరూ తలకాయలు దగ్గర పెట్టుకుని రాశారు. "మా కొట్ల మధ్య గోడకూ కప్పుకూ నడుమ సందు ఉంది. తమ్ముడు ఖాళీ గోనెసంచులిస్తే అన్న తెర కుట్టేస్తాడు. అరపూట పని. ఈ అమ్మాయి మాకు ఆ మాట చెప్పుకునే సందు కూడా ఇవ్వలేదు." కింద ఇద్దరూ సంతకాలు చేసి, నన్ను తిట్టుకుంటూ ఆ సందు కొలవడానికి కలిసి వెళ్లిపోయారు.

ఐదింటికి మేడం వచ్చి ఆ కాగితం రెండుసార్లు చదివారు.

"ఇద్దరి సంతకాలూ ఉన్నాయి."

"ఉన్నాయండి."

"పరిష్కారం కూడా ఉంది."

"ఉందండి. నన్ను తిట్టడం కూడా ఉందండి, ఆ కింద."

"చూశాను. ఉద్యోగం ఖాయం. ఈ ఫిర్యాదు మీద విచారణ రేపు పదింటికి. తప్పు నీదే కాబట్టి కాస్త ముందే రా."

ఇంట్లో ఉద్యోగం ఖాయమైందన్న మాట వరకే చెప్పాను. మా నాన్న అప్పటికే చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.